గురి నేర్పే రివాల్వరు

దసరా వస్తే మన ఇళ్ళలో ఆయుధపూజ చేస్తాం. పూజలో పెట్టేవి మాత్రం కత్తెర, సుత్తి, కుట్టుమిషను, స్కూటరు తాళంచెవి. అసలు ఆయుధమన్నది మధ్యతరగతి ఇంట్లో కలికానిక్కూడా దొరకదు. అందుకు విచారించవలసిన పనీ లేదు. మన తాతలు తుపాకులతో కాకుండా నోటిమంచితనంతోనే కాలక్షేపం చేశారు.

అయితే ఈ పది పదిహేనేళ్ళలో మన వూళ్ళో ఒక కొత్త ముచ్చట బయలుదేరింది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2003లో ఇక్కడే జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో బంగారు పతకం సంపాదించాడు. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్యం తెచ్చాడు. ఆ తరవాత హైదరాబాదు అమ్మాయి ఈశా సింగ్ 2018లో, పదమూడేళ్ళ వయసున, పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయి పెద్దవాళ్ళను వెనక్కు నెట్టింది. 2023లో చైనాలోని హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆ అమ్మాయి నాలుగు పతకాలు తెచ్చింది. వాటిలో రెండు 25 మీటర్ల పిస్టల్ పోటీలో వచ్చినవి: జట్టుతో కలిసి బంగారం, ఒంటరిగా వెండి. ఆ పోటీలో వాడేది పాయింట్ టూటూ తూటా. ఈ వ్యాసానికి మూలకందం ఆ తూటాయే.

ఇలాంటి వార్తలు పేపర్లో పడిన మర్నాడు పిల్లలు తలిదండ్రుల్ని అడగడం, తలిదండ్రులు తెలిసినవాళ్ళను అడగడం సహజం. ఉప్పల్ స్టేడియం పక్కనే వున్న మా పీర్జాదిగూడలో పిల్లలందరూ బ్యాట్లే అడుగుతారని నేననుకునేవాణ్ణి. ఈమధ్య తుపాకులు కూడా అడుగుతున్నారు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి తుపాకుల సంగతేమిటని మీకు అనుమానం రావచ్చు. కాలేజీలో ఎన్.సి.సి. బాధ్యతలు కూడా నా నెత్తిన కొన్నేళ్ళు వున్నాయి. ఎన్.సి.సి. పిల్లలకు మొదట చేతికిచ్చేది పాయింట్ టూటూ రైఫిలే. పద్యం తప్పు చదివితే దిద్దుకోవచ్చు గాని, తూటా తప్పుగా వెళితే దిద్దుకోవడం వుండదన్న భయంతో ఆ విద్యను నేను కాస్త శ్రద్ధగానే నేర్చుకున్నాను.

మా వీధి చివర మందుల దుకాణం నడిపే పెద్దమనిషి ఒకాయన వున్నారు. వారి అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఒకనాటి సాయంత్రం ఆయన దుకాణం కట్టేసి మా ఇంటికి వచ్చారు.

"సార్, మా పాప షూటింగ్ నేర్చుకుంటనంటున్నది. ఎట్లాగూ పైసలు పెట్టేదే గదా, ఇంట్ల రక్షణకు గూడ పనికొస్తది. మంచి పాయింట్ టూటూ రివాల్వరు ఏదో జర చెప్పుండ్రి" అన్నారు.

ఆయన అడిగింది ఒక్క ప్రశ్న కాదు, మూడు. ఆటకు ఏది మంచిది? ఇంటికి ఏది మంచిది? రెండిటికీ ఒకటే సరిపోతుందా? మూడోదానికి జవాబు తెలిస్తే మొదటి రెండూ వాటంతటవే విడిపోతాయి. ఆయనతో చెప్పిన మాటలే కాస్త విపులంగా ఇక్కడ రాస్తున్నాను.

అంచున మందు వున్న తూటా

ముందు ఆ తూటా కథ చూద్దాం. మామూలు పెద్ద తూటాకు అడుగున నట్టనడుమ ఒక చిన్న బిళ్ళ వుంటుంది. సుత్తి దెబ్బ ఆ బిళ్ళ మీద పడితే నిప్పు పుట్టి లోపలి మందు అంటుకుంటుంది. పాయింట్ టూటూకు ఆ బిళ్ళ లేదు. ఇత్తడి డొల్ల అడుగున గిన్నె అంచులా చుట్టూ మడత వుంటుంది. నిప్పు పుట్టించే మందును ఆ మడతలోనే నింపుతారు. సుత్తి వచ్చి అంచును నొక్కితే మడత చితికి మందు రాజుకుంటుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. అంచున అంటుకునేదన్న మాట.

ఫ్రాన్సులో ఫ్లోబేర్ అనే ఆయన 1845 ప్రాంతంలో ఈ దారికి శ్రీకారం చుట్టాడు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ తన మొట్టమొదటి రివాల్వరును ఈ జాతి తూటాకే తయారుచేసింది. అది ఏడు గుళ్ళది. ఇవాళ ప్రపంచమంతా వాడే 'లాంగ్ రైఫిల్' రకం 1887లో వచ్చింది. పేరులో రైఫిల్ వున్నా పిస్టల్‌లోనూ రివాల్వరులోనూ దాన్నే వాడతారు. అంగుళంలో నూరో వంతులు ఇరవై రెండు, అంటే సుమారు 5.6 మిల్లీమీటర్లు దాని లావు. మామూలుగా దాని సీసపు గుండు బరువు రెండున్నర గ్రాముల పైచిలుకు.

పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, ఇంత చిన్న గుండూ ఒక మైలు దాటి పోగలదు. "అది బుల్లి తూటా, దానివల్ల ఏమవుతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. మనిషి ప్రాణం తీయడానికి అది చాలు.

దీనిలో మేలేమిటంటే, చెయ్యి వెనక్కి తన్నదు. చప్పుడు పెద్ద తూటా కంటే తక్కువ. ఖరీదూ తక్కువే. అభ్యాసానికి వేల తూటాలు కావాలి గనుక ఖర్చు చిన్న విషయం కాదు. లోపమేమిటంటే, అంచు ఒకసారి చితికితే ఆ డొల్ల మళ్ళీ పనికిరాదు. పెద్ద తూటా డొల్లలో మందు తిరిగి నింపుకోవచ్చు. దీనికి ఆ వీలు లేదు. మరో లోపం, అంచులో మందు అన్నివైపులా సమానంగా పరుచుకోకపోతే అప్పుడప్పుడు ఒక తూటా పేలదు. అలాంటప్పుడు గొట్టాన్ని గురి బోర్డు వైపే వుంచి అర నిమిషం ఆగాలి. ఆలస్యంగా పేలే తూటాలు వుంటాయి. ఏమైందోనని గొట్టంలోకి తొంగిచూసేవాణ్ణి రేంజిలో మళ్ళీ అడుగుపెట్టనివ్వకూడదు.

రివాల్వరే ఎందుకు?

పోటీల్లో గెలిచేవాళ్ళ చేతుల్లో రివాల్వర్లు దాదాపు కనిపించవు. వాళ్ళవి తమంతట తామే తూటా ఎక్కించుకునే పిస్టళ్ళు. కారణం తేలికే. 25 మీటర్ల పోటీలో రెండో అంకంలో గురి బోర్డు మూడు సెకన్లు కనిపించి ఏడు సెకన్లు మాయమవుతుంది. ఆ మూడు సెకన్లలో కిందికి వంచిన చెయ్యి పైకెత్తి, గురిచూసి, ఒక గుండు కాల్చాలి. ఇలా వరసగా అయిదుసార్లు. ప్రతిసారీ సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగుకునేవాడికి అక్కడ అది అదనపు ఇబ్బంది. కాబట్టి మీ పిల్లలకు పతకాల మీద ఆశ వుంటే రివాల్వరు ఆ దారిలోది కాదు. ఇది మొదటే తెలుసుకుంటే డబ్బు మిగులుతుంది.

మరి రివాల్వరు దేనికి? తీరిక వేళ వినోదంగా కాల్చుకునేవాడికి, నింపాదిగా గురి నేర్చుకునేవాడికి అది మంచి గురువు. చక్రం పక్కకు తీస్తే ఎన్ని గదులున్నాయో, ఎన్నిటిలో తూటాలున్నాయో కళ్ళెదుట కనిపిస్తుంది, దాపరికం లేదు. పిస్టల్‌లో అయితే తూటాల అర బయటికి తీసినా గొట్టంలో ఒక తూటా మిగిలి వుండవచ్చు. ఎన్నో ప్రమాదాలు ఆ ఒక్క తూటావల్లే జరిగాయి.

ఇంకో లాభం వుంది. ఆరు గదుల్లో నాలుగింట మంచి తూటాలు, రెండింట కాల్చేసిన డొల్లలు పెట్టి, చక్రం తిప్పి మూసి, నేర్చుకునేవాడి చేతికిస్తారు. ఏది పేలుతుందో, ఏది పేలదో అతనికి తెలియదు. డొల్ల మీద సుత్తి పడ్డప్పుడు చప్పుడు రాదు గాని, గొట్టం మాత్రం ఒక్కసారి కిందికి ఊగుతుంది. పేలుతుందన్న భయంతో చెయ్యి ముందే బెదిరిందన్న మాట. ఆ బెదురును ఏ గురువూ మాటలతో చూపించలేడు, రివాల్వరు చూపిస్తుంది. ఇటువంటి అభ్యాసాలన్నీ రేంజిలో శిక్షకుడి ఎదుటే చేయాలని వేరే చెప్పనక్కరలేదు.

మంచిచెడ్డలు చూసే విధం

పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు పిల్ల పట్టుచీర మెరుపు కాదు చూసేది. రివాల్వరుకూ అదే సూత్రం. పైపూత నిగనిగలాడుతుందా, పిడి మీద చెక్కడం వుందా అన్నవి చివరి సంగతులు. మొదట చూడవలసినవి ఇవి.

బరువు: ఆటకు వాడే రివాల్వరు బరువుగానే వుండాలి. అమెరికాలో 1946 తరవాత పేరు తెచ్చుకున్న 'కె ట్వంటీటూ మాస్టర్‌పీస్' ఆరంగుళాల గొట్టంతో కిలో దాటి తూగుతుంది. ఆ బరువే చేతి వణుకును మింగేస్తుంది. అంతర్జాతీయ నిబంధనల్లో 25 మీటర్ల పిస్టల్‌కు 1400 గ్రాములు హద్దు పెట్టారంటే బరువును ఆటగాళ్ళు ఎంతగా కోరుకుంటారో తెలుస్తుంది. కాని పదిహేనేళ్ళ పిల్ల చెయ్యి చాచి అంత బరువు అరగంటసేపు ఎత్తి దించగలదా అన్నది కూడా చూడాలి.

గొట్టం పొడవు: ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. గురిచూడడానికి గొట్టం మొదట ఒక గాడి, చివర ఒక మొన వుంటాయి. రెండిటి మధ్య దూరం 15 సెంటీమీటర్లనుకోండి. కన్ను వాటిని కలపడంలో ఒక్క మిల్లీమీటరు తేడా చేస్తే, 25 మీటర్ల దూరాన గుండు పదహారు పదిహేడు సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఆ మధ్య దూరం ఏడున్నర సెంటీమీటర్లే అయితే తప్పు ముప్ఫైమూడు సెంటీమీటర్లవుతుంది. గురి బోర్డులో పది మార్కుల వలయం అడ్డుకొలత అయిదు సెంటీమీటర్లు. పొట్టి గొట్టంతో దాన్ని కొట్టడం సూది బెజ్జంలోంచి తాడు దూర్చడమే. నాలుగంగుళాలకు తగ్గకుండా, వీలైతే ఆరంగుళాల గొట్టం ఎంచుకోవాలి. వెనక గాడి పైకీ కిందికీ, కుడికీ ఎడమకూ స్క్రూతో జరుపుకునే వీలున్నది కావాలి.

ట్రిగ్గరు: రివాల్వరును రెండు విధాల కాల్చవచ్చు. సుత్తిని ముందే వెనక్కి లాగి పెట్టుకుంటే ట్రిగ్గరు మెత్తగా, కొద్ది కదలికలో తెగుతుంది. లాగకుండా నొక్కితే ట్రిగ్గరే సుత్తిని ఎత్తి, చక్రాన్ని తిప్పి, సుత్తిని వదలాలి. దానికి వేలిబలం చాలా కావాలి. పాయింట్ టూటూ రివాల్వర్లలో ఈ రెండో నొక్కుడు పెద్ద తూటా రివాల్వర్ల కంటే బరువుగా వుంటుంది. ఇత్తడి అంచును చితకగొట్టడానికి గట్టి దెబ్బ కావాలి. గట్టి దెబ్బకు గట్టి స్ప్రింగు కావాలి. బరువుగా వుందని కొందరు మెకానికుల చేత స్ప్రింగు కత్తిరించి మెత్తన చేయిస్తారు. ఆ తరవాత పదింట రెండు తూటాలు పేలడం మానేస్తాయి. కాబట్టి ఎంత మెత్తగా వుందని కాక, మొదటినుంచి చివరిదాకా గరగర లేకుండా ఒకే తీరుగా వస్తుందా అని చూడండి.

చక్రం: మంచిదానికీ చెడ్డదానికీ తేడా ఇక్కడే బయటపడుతుంది. అన్ని గదులూ ఖాళీగా వున్నాయని రెండుసార్లు చూసుకున్నాక, అమ్మేవారి అనుమతితో సుత్తిని మెల్లగా వెనక్కి లాగండి. సుత్తి పూర్తిగా వెనక్కి వచ్చేలోగా చక్రం తన స్థానంలో టక్కున బిగుసుకోవాలి. ప్రతి గదికీ ఇలాగే పరీక్షించాలి. బిగిసిన చక్రాన్ని వేళ్ళతో కదిపితే అతి కొద్దిగా తప్ప ఊగకూడదు. గది, గొట్టం ఒకే వరసలోకి రాకపోతే గుండు అంచుకు రాసుకుని సీసం ముక్కలు పక్కలకు చిమ్ముతాయి. చక్రానికీ గొట్టానికీ మధ్య సందు ఒక కాగితం మందం నుంచి రెండు కాగితాల మందం లోపు వుంటే మంచిది. సందు ఎంత సన్నమైనా అందులోంచి వేడిగాలి, సీసపు పొడి వస్తూనే వుంటాయి. అందుకే కాల్చేవాడికి సరిగ్గా పక్కన ఎవరూ నిలబడకూడదు. కాల్చేవాడు వేళ్ళను అక్కడికి చేర్చకూడదు.

గదుల అంచులు: లోపల తూటా లేకుండా ఊరికే ట్రిగ్గరు నొక్కి ఆడుకోవడం కొందరికి సరదా. రిమ్‌ఫైర్ తుపాకుల్లో చాలావాటికి ఇది హాని. నడుమ అంచు లేకపోవడంతో సుత్తి సూది నేరుగా గది ఉక్కు అంచు మీద కొట్టుకుంటుంది. కొన్నాళ్ళకు అక్కడ గాటు పడి తూటా సరిగా దిగదు, దిగినా సరిగా పేలదు. వాడినదాన్ని కొనేటప్పుడు టార్చిలైటు వేసి గదుల అంచుల్లో గాట్లున్నాయేమో చూడండి. కాల్చిన డొల్లలు ఒక్క తోపుతో అన్నీ కలిసి బయటికి రావాలి. ఒక్కొక్కదాన్నీ గోటితో పీకవలసి వస్తే గదులు గరుకుగా వున్నాయన్న మాట.

పిడి: చూపుడువేలి మొదటి కణుపు మెత్తటిభాగం ట్రిగ్గరు మీద నిండుగా ఆనాలి. తండ్రి చేతికి కుదిరింది కూతురి చేతికి కుదరదు. చెప్పుల దుకాణంలో ఒకరి కాలికొలతతో ఇంకొకరికి చెప్పులు కొంటామా?

మన దేశంలో దొరికేవి

ఇన్ని చెప్పాక మన బజారు సంగతి చెప్పకపోతే, వంట వర్ణించి విస్తరి వేయనట్టే. విదేశీ తుపాకులను మామూలు మనిషి దిగుమతి చేసుకునే వీలు మన దేశంలో లేదు. పేరున్న షూటర్లకు మాత్రం కొన్ని సడలింపులున్నాయి. ఆంక్షలు రాకముందు దేశంలోకి వచ్చిన పాత విదేశీ రివాల్వర్లు ఒక లైసెన్సుదారు నుంచి మరో లైసెన్సుదారుకు చేతులు మారుతుంటాయి. అమ్మేవారు అధికారులకు ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. వాటికి పేరునుబట్టి ధర పలుకుతుంది గాని, లోపలి స్థితినిబట్టి కాదు. చక్రం పరీక్ష, గదుల పరీక్ష ముఖ్యంగా అక్కడే పనికొస్తాయి.

స్వదేశీ రకాల్లో 2014లో కాన్పూరులో 'నిర్భీక్' అనే రివాల్వరు వచ్చింది. అది పాయింట్ త్రీటూ తూటాది, అరకిలో బరువు, స్త్రీల రక్షణకని చెప్పి తెచ్చారు. 2015లో బెంగాలులోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 'నిడర్' అనే పాయింట్ టూటూ రివాల్వరును తెచ్చింది. అది పావుకిలో మాత్రమే తూగుతుంది. ఈ ఫ్యాక్టరీలు 2021 అక్టోబరు నుంచి పాత ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు కింద కాక, అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా అనే ప్రభుత్వ కంపెనీ కింద పనిచేస్తున్నాయి.

మా దుకాణదారుగారు 'నిడర్' పేరు ఎక్కడో విని వచ్చారు. "అది గూడ పాయింట్ టూటూనే గద సార్, పాప నేర్చుకోనీకి సరిపోదా?" అన్నారు.

తూకం వేసి చూడండి. ఒకటి చేతిసంచిలో కనబడకుండా ఇమడాలని పావుకిలోకు కుదించినది. రెండోది చేతిలో కదలకుండా నిలవాలని కిలోకు పెంచినది. ఒకదానికి గొట్టం పొట్టిగా వుండడమే గుణం, రెండోదానికి అదే దోషం. ఒకే తూటా కావచ్చు, పనులు వేరు. వంటింటి చాకుతో గడ్డం గీసుకోలేం గదా! ఆటకూ రక్షణకూ ఒకే రివాల్వరు కొందామనుకునేవాడు రెండిటికీ సరిపడనిది కొంటాడు.

ఇంటి రక్షణ మాట

ఇక ఆయన రెండో ప్రశ్న. దీనికి జవాబు చెప్పడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

ఆటకు వాడే తుపాకీని తూటాలు తీసి, తాళం వేసి, తూటాలను వేరేచోట మరో తాళంలో పెట్టాలి. తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో లైసెన్సుదారుకు తప్ప మరొకరికి తెలియకూడదు. ఇది సక్రమంగా చేసినవాడికి అర్ధరాత్రి దొంగ వచ్చినప్పుడు ఆ తుపాకీ అక్కరకు రాదు. అక్కరకు రావాలని తూటాలు నింపి తలగడ కింద పెట్టుకున్నవాడి ఇంట్లో దొంగ ఎప్పుడు వస్తాడో తెలియదు గాని, పిల్లలు రోజూ వుంటారు. కోపం వుంటుంది, పరీక్ష తప్పిన దిగులు వుంటుంది, తాగివచ్చిన బంధువు వుంటాడు. దొంగ ఒక్క రాత్రి మాట. వీళ్ళు మూడువందల అరవై అయిదు రాత్రుల మాట.

అజ్ఞాతవాసానికి వెళ్ళేముందు పాండవులు ఆయుధాలను జమ్మిచెట్టు మీద దాచిన కథ మనకందరికీ తెలుసు. శవాన్ని కట్టినట్టు భ్రమ కలిగించి, ఎవరి చెయ్యీ పడకుండా కట్టి మరీ వెళ్ళారు. అంతటి వీరులకే ఆయుధం వాడటం ఎంత ముఖ్యమో, వాడని రోజున దాన్ని ఎక్కడ పెట్టాలన్నదీ అంత ముఖ్యమయింది.

మా మిత్రుడు కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఇంట్ల చిన్నోడు గూడ ఉన్నడు సార్. తొమ్మిదేండ్లు. బీరువాల ఏం పెట్టినా దీస్తడు" అన్నారు నెమ్మదిగా. ఆ ఒక్క మాటతో రక్షణ రివాల్వరు సంగతి తేలిపోయింది. నేను వేరే వాదించనక్కరలేకపోయింది.

చట్టం చెప్పేది

1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా రివాల్వరు కొనడం, దగ్గర పెట్టుకోవడం నేరం. 2019లో చట్టాన్ని సవరించాక, మామూలు లైసెన్సుదారుకు గరిష్ఠంగా రెండు తుపాకులే అనుమతి. లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళయింది. లైసెన్సు లేని తుపాకీ దొరికితే జైలుశిక్ష తప్పదు. పెళ్ళిళ్ళలో గాలిలోకి కాల్చడం కూడా ఆ సవరణతో ప్రత్యేక నేరమైంది.

2016 నిబంధనల ప్రకారం దరఖాస్తుతో పాటు ఆరోగ్య ధ్రువపత్రం, ఆయుధాలు జాగ్రత్తగా వాడడంలో శిక్షణ పొందిన ధ్రువపత్రం కూడా కావాలి. నగరంలో వున్నవారికి దరఖాస్తు చూసేది పోలీసు కమిషనరు. తుపాకీ ఎందుకో, ఎక్కడ భద్రపరుస్తారో వాళ్ళు అడుగుతారు, విచారిస్తారు, కాదనడానికీ వాళ్ళకు అధికారం వుంది. తూటాలు ఎన్ని కొనవచ్చో కూడా లైసెన్సు మీద రాసి వుంటుంది. ఇరవయ్యొక్క ఏళ్ళు నిండనివారు సొంతంగా తుపాకీ కొనడానికి వీల్లేదు. చిన్నవాళ్ళు శిక్షణలో, పెద్దల పర్యవేక్షణ కింద కాల్చడానికి నిబంధనలు వేరుగా వున్నాయి. అంటే ఇంటర్ పిల్ల పేరున రివాల్వరు కొందామన్న ఆలోచనే చెల్లదు.

చట్టం తెరచివుంచిన తలుపు ఒకటుంది. పాయింట్ వన్ సెవెన్ సెవెన్ బోరు, ఇరవై జౌళ్ళ శక్తి మించని ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అక్కరలేదు. ఈశా సింగ్ జాతీయ ఛాంపియన్ అయింది ఎయిర్ పిస్టల్ తోనే. పది మీటర్ల స్థలం చాలు. చెయ్యి నిలపడం, ఊపిరి బిగబట్టడం, ట్రిగ్గరును పిండినట్టు నొక్కడం, గుండు వెళ్ళాక కూడా గురి వదలకపోవడం అనే నాలుగు పాఠాలూ దానిమీదే వస్తాయి. అవి వచ్చినవాడికి రిమ్‌ఫైర్ చేతికిస్తే వారంలో అలవాటవుతుంది. అవి రానివాడికి ఎంత ఖరీదైన రివాల్వరు కొనిచ్చినా చప్పుడు తప్ప మిగలదు.

అమెరికాలో వున్న పిల్లల సంగతి

మన ఇళ్ళలో సగం పిల్లలు ఇప్పుడు డల్లాసులోనో, న్యూజెర్సీలోనో వున్నారు. అక్కడ పది గుళ్ళు పట్టే పాయింట్ టూటూ రివాల్వర్లు దుకాణాల్లో బారులుతీరి వుంటాయి. 1953లో మొదలైన రూగర్ 'సింగిల్ సిక్స్' వంశం ఇంకా పేరు నిలుపుకుంటూనే వుంది. చూసిన పిల్లలకు చెయ్యి ఊరుకోదు.

తలిదండ్రులు వాళ్ళకు ఒక సంగతి తప్పక చెప్పాలి. చదువు వీసా మీదా, హెచ్-వన్ లాంటి తాత్కాలిక ఉద్యోగ వీసాల మీదా వున్నవారు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని ఆ దేశపు ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు వున్నవారికి, మరికొందరికి మినహాయింపులున్నాయి. ఆ మినహాయింపు తనకు వర్తిస్తుందో లేదో వకీలును అడగకుండా, స్నేహితుడి తుపాకీ పట్టుకుని సరదాగా ఫోటో దిగడం కూడా మంచిది కాదు. దుకాణంవాడు నవ్వుతూ చూపించాడని చట్టం నవ్వదు.

కొనే వరస

ఇన్ని మాటలూ కలిపి చూస్తే కొనవలసిన వరస తనంతటదే ఏర్పడుతుంది. మొట్టమొదట చెవులకు రక్షణ, కళ్ళకు అద్దాలు. పాయింట్ టూటూ చప్పుడు చిన్నదే అయినా, పొట్టి గొట్టంలోంచీ చక్రం సందులోంచీ వచ్చేటప్పుడు చెవికి చెరుపు చేస్తుంది. పోయిన వినికిడి తిరిగి రాదు. రెండోది గురువు. మూడోది ఎయిర్ పిస్టల్, అదీ మొదట శిక్షణాలయానిదే వాడిచూడాలి. ఒక ఏడాది గడిచాక కూడా ఉత్సాహం నిలిస్తే, వయసూ లైసెన్సూ కుదిరితే, అప్పుడు పైన చెప్పిన పరీక్షలన్నీ చేసి రివాల్వరో పిస్టలో ఎంచుకోవాలి. కాల్చి ఇంటికి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు. తూటాలోది సీసం, పిల్లల ఒంటికి అది విషం.

ఇంకొక ఖర్చు ఎవరూ లెక్కవేయరు. కాలం. పెద్ద రేంజి హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో, గచ్చిబౌలి వైపు వుంది. పీర్జాదిగూడ నగరానికి ఈ చివర, అది ఆ చివర. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా వెళ్ళి, అక్కణ్ణించి మళ్ళీ బండి పట్టుకుంటే, రానూపోనూ ఒక పూట హరించుకుపోతుంది. వారానికి రెండుసార్లు ఆ ప్రయాణం చేయించగలరా, చదువు చెడకుండా చేయగలదా అన్నది రివాల్వరు ఎంపిక కంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న.

మా మిత్రుడి అమ్మాయి ఈ ప్రశ్నకు తానే జవాబు చెప్పింది. "పొద్దున పోను అంకుల్, ఆదివారాలు పోతా. మెట్రోల చదువుకుంట" అంది. తండ్రి రివాల్వరుకని తీసిపెట్టిన డబ్బులో కొంత శిక్షణ రుసుముకు, కొంత చెవుల రక్షణకు పోయింది. మిగిలింది బ్యాంకులో వుంది. ఆ పిల్ల ఎయిర్ పిస్టల్ మీద చెయ్యి నిలపడం నేర్చుకుంటోంది. పతకం వస్తుందో రాదో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. రాకపోయినా నష్టం లేదు. బిగబట్టిన ఊపిరితో, కదలని చేత్తో, ఒక్క చుక్క మీద మనసు నిలపడం వచ్చిన పిల్ల లెక్కల పరీక్షలోనూ తొట్రుపడదు, జీవితంలోనూ తొందరపడదు. మంచి రివాల్వరు నేర్పవలసింది కూడా ఆ నిదానాన్నే. దాన్ని ముందే నేర్చుకున్నవాళ్ళ చేతికే అది వెళ్ళాలి.